గ్రాంట్ ఫారం బడ్జెట్ పేజీ దగ్గర ఆగిపోయింది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

కొత్తట్రస్టీ: మధ్యాహ్నం నుంచీ దీంతోనే కుస్తీ. సబ్మిట్ నొక్కగానే బడ్జెట్ పేజీకే తిరిగొస్తోంది. మూడుసార్లు కూడి చూశా, లెక్క కరెక్టే. బ్రౌజర్ మార్చా, ఫోన్లో ప్రయత్నించా. ఈ రాత్రికే ఆఖరు!

గడియారం: ఎర్రగా ఏదో రాసుంటుంది. అదేంటి?

చిల్లరదాత: అసలు ఒక్క గ్రాంటునే నమ్ముకోవడం తప్పండీ. నెలనెలా కొంచెం ఇచ్చే నలుగురు దాతలు నయం. 2014లో తలమీద ఐసునీళ్లు పోసుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్‌తో అమెరికాలో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. మరుసటేడు ఆ ఊపు లేదు. ఆటోడెబిట్ పెట్టినవాడు అలా కాదు, ఆపాలంటే వాడే పనిగట్టుకుని ఆపాలి. అదీగాక గ్రాంట్ డబ్బు వాళ్లు చెప్పిన పనికే వాడాలి. దాతల డబ్బయితే చాలావరకు అద్దె కట్టుకోవచ్చు, జీతాలివ్వొచ్చు...

కొత్తట్రస్టీ: నిజమే గానీ అదంతా రేపు మాట్లాడుకుందాం సార్. "ఓవర్‌హెడ్ పరిమితి దాటింది" అంటోంది, అదే, ఆఫీసు అద్దె, కరెంటు లాంటి ఖర్చులు. పరిమితి 10 శాతం, నేను వేసిందీ అంతే.

గడియారం: అంకెలు.

కొత్తట్రస్టీ: వేలల్లో చెప్తా. ప్రాజెక్టు ఖర్చు 900, ఓవర్‌హెడ్ 100. మొత్తం 1000.

లెక్కలపక్షి: దేని మీద 10 శాతం? మొత్తం మీదైతే సరే. ప్రాజెక్టు ఖర్చు మీదైతే 90 దాటకూడదు, మీది 11.1 అవుతోంది. సూచనల్లో ఆ వాక్యం చదవండి.

పదకోశం: ఓవర్‌హెడ్ ఏమిటండీ, చక్కగా పరోక్ష ఖర్చు అనొచ్చుగా.

చిల్లరదాత: పరిపాలనా ఖర్చు అంటే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది.

పదకోశం: రెండూ ఒకటి కాదు. నాలుగు ప్రాజెక్టులకూ కలిపి కట్టే ఆఫీసు కరెంటు బిల్లు పరోక్షమే, అందులో పరిపాలన ఏముంది?

లెక్కలపక్షి: పేరేదైనా, ఆ 100లో ఏమేం వేశారు?

కొత్తట్రస్టీ: అద్దె, కరెంటు, ఆడిట్ ఫీజు, ఫీల్డ్ కోఆర్డినేటర్ జీతం 20.

లెక్కలపక్షి: ఆ 20కి అక్కడేం పని? ఆవిడ ఈ ప్రాజెక్టుకే పనిచేస్తుంటే జీతం ప్రాజెక్టు ఖర్చే. పైన కలపండి. 920, 80. అంటే 8.7 శాతం, మొత్తం అదే 1000. ఫారం దాటడం కోసమైతే మాత్రం మార్చకండి, రేపు ఆడిట్‌లో టైమ్‌షీట్లు, అంటే ఏ పనికి ఎన్ని గంటలో రాసిన పట్టీలు, అడుగుతారు.

చిల్లరదాత: 10 శాతంతో ఆఫీసు నడపమనడమే అన్యాయం. లెక్కలు రాసే మనిషి లేకుండా రిపోర్టు ఎవరు పంపుతారట? బడికి బెంచీలంటే ఇస్తారు, అకౌంటెంట్ జీతమంటే ముఖం చిట్లిస్తారు.

గడియారం: టాపిక్.

కొత్తట్రస్టీ: ఆవిడ పూర్తిగా ఈ ప్రాజెక్టేనండీ, టైమ్‌షీట్లూ ఉన్నాయి. మార్చా, ఫారం వెళ్లిపోయింది. "ప్రాజెక్టు ఖర్చుపై" అని సూచనల్లో చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఉంది. థాంక్స్, పడుకుంటా.

పదకోశం: మరి పరోక్షం సంగతి ఏం తేల్చారు?