కొత్తగా మధుమేహం బయటపడిన పిల్లికి ఇంట్లో ఇన్సులిన్ వేయడం గురించి

ప్రశ్న (కాకినాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కిట్టు అనే తొమ్మిదేళ్ళ మగపిల్లి ఉంది. ఏడాది వయసులోనే స్టెరిలైజేషన్ చేయించాము. ఇంటిపట్టునే ఉండి ఆరున్నర కిలోల దాకా పెరిగాడు. రెండు నెలలుగా నీళ్ళు విపరీతంగా తాగుతున్నాడు. గిన్నెలోవి చాలక స్నానాల గదిలో బకెట్ అంచు పట్టుకుని తాగుతుంటే, ఎండలు ముదిరాయి కదా అని సరిపెట్టుకున్నాము. ఒకరోజు తెల్లవారుజామున లిట్టర్ ట్రే శుభ్రం చేయబోతే, వాడు మూత్రం పోసిన చోటికి గుమ్మం దగ్గర నుంచి చీమలు బారు కట్టి ఉన్నాయి. మా నాన్నగారికి ఇరవై ఏళ్ళుగా షుగర్ ఉంది కాబట్టి, ఆ చీమలను చూడగానే నాకు విషయం అర్థమైపోయింది.

ఆసుపత్రిలో చూపిస్తే రక్తంలో గ్లూకోజు 412 వచ్చింది, బరువు 5.2 కిలోలకు దిగిపోయింది. భయపడినప్పుడు కూడా పిల్లులకు చక్కెర పెరుగుతుందని, ఒక్క రీడింగును బట్టి నిర్ణయించకూడదని చెప్పి డాక్టరుగారు గత కొన్ని వారాల సగటు చక్కెరను చూపే ఫ్రక్టోసమైన్ పరీక్ష కూడా చేయించారు. అదీ ఎక్కువగానే ఉంది. గ్లార్జిన్ ఇన్సులిన్ పన్నెండు గంటలకొకసారి ఒక్కొక్క యూనిట్ చొప్పున వేయమన్నారు. మందుల షాపులో ఇన్సులిన్ సీసా, ఎర్ర మూతలున్న సిరంజీలు ఒక ప్యాకెట్టు ఇచ్చారు. రేపు ఉదయం ఏడు గంటలకు మొదటి ఇంజెక్షన్ వేయాలి.

నాకున్న సందేహాలు ఇవి. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళిపోయాక వాడికి చక్కెర పడిపోతే ఎలా? ఇన్నాళ్ళూ పెరుగన్నం, పాలు, ప్యాకెట్లలో వచ్చే పొడి మేత తిన్నవాడికి ఇప్పుడేం పెట్టాలి? మా అత్తగారు కాకరకాయ రసం పట్టించమంటున్నారు, నాన్నగారి షుగర్ మాత్రలో చిన్న ముక్క పెడితే చాలదా అని కూడా అడుగుతున్నారు. ఆవిడకు వాడంటే ప్రాణం, సూదులు పొడవడం చూడలేకే అలా అంటున్నారు. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (హైదరాబాద్ నుంచి)

అమ్మా, మిగతావన్నీ తరువాత. ముందు ఆ సిరంజీలను పక్కన పెట్టండి, వాటితో రేపు ఇంజెక్షన్ వేయవద్దు.

ఎర్ర మూత సిరంజీ మీద గీతలు మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌ను కొలవడానికి గీసినవి. మన దేశంలో మనుషులు వాడే మామూలు ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా ఆ బలంతోనే వస్తాయి కాబట్టి షాపులో అలవాటు కొద్దీ అవే చేతికి ఇస్తారు. గ్లార్జిన్ అలా కాదు, దాని ప్రతి మిల్లీలీటరులో 100 యూనిట్లుంటాయి. ఎర్ర మూత సిరంజీలో ఒక యూనిట్ అనుకుని మీరు లాగిన మందులో నిజానికి రెండున్నర యూనిట్లు ఉంటాయి. అయిదు కిలోల పిల్లికి మొదటిరోజే అంత మందు పడితే ప్రాణం మీదికి వస్తుంది. సీసా మీద 100 అని ఉంటే సిరంజీ మీద కూడా 100 అని ఉండాలి, దాని మూత నారింజ రంగులో ఉంటుంది. అందులోనూ 0.3 మిల్లీలీటరు సిరంజీ, అర యూనిట్ గీతలున్నది దొరికితే మరీ మంచిది. ఈ రాత్రికే సీసానూ సిరంజీనీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి మీ డాక్టరుగారికి పంపండి.

మా పిల్లికి మూడేళ్ళ క్రితం ఇదే జబ్బు బయటపడింది. వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి, కుందేలు కూర్చున్నట్టు నడుస్తుంటే కీళ్ళ నొప్పులనుకున్నాను. అది చక్కెర వల్ల నరాలు దెబ్బతిని వచ్చిన నడక అని తరువాత తెలిసింది, చక్కెర అదుపులోకి వచ్చాక కొన్ని నెలలకు కాళ్ళు మళ్ళీ నిలదొక్కుకున్నాయి.

ఇంజెక్షన్ గురించి మీరు పడుతున్న భయం నేనూ పడ్డాను. గిన్నెలో తిండి పెట్టి, అది తినడంలో పడ్డాక, పక్కటెముకల మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పైకెత్తితే కింద చిన్న గూడులా ఏర్పడుతుంది. సూదిని ఆ గూడులోకి పంపి మందు వదిలితే చాలు, చాలాసార్లు అది తల కూడా ఎత్తదు. రోజూ ఒకే చోట కాకుండా అటూ ఇటూ మార్చండి. ఒక్కోసారి సూది చర్మానికి అవతలి వైపు నుంచి బయటికి వచ్చి మందు బొచ్చు మీద పడుతుంది, తడి తగులుతుంది, ఘాటైన మందు వాసన వస్తుంది. అప్పుడు ఎంత లోపలికి పోయిందో ఎంత బయట పోయిందో ఎవరూ చెప్పలేరు కాబట్టి మళ్ళీ వేయవద్దు, తరువాతి వేళ దాకా ఆగండి. ఒక పూట చక్కెర ఎక్కువగా ఉన్నంత మాత్రాన పెద్ద ప్రమాదం లేదు, రెండుసార్లు మందు పడితే మాత్రం గంటల్లో ముంచుకొస్తుంది. వేశానో లేదో గుర్తులేని రోజున కూడా ఇదే పద్ధతి. మేము ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, వేసినవారు వేళ రాసి సంతకం పెట్టేవాళ్ళం.

చక్కెర పడిపోతే పిల్లి నీరసంగా తూలుతుంది, వణుకుతుంది, పిలిస్తే పలకదు, ముదిరితే ఫిట్స్ వస్తాయి. తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టాలి. లేకపోతే తేనె గానీ గ్లూకోజు నీళ్ళు గానీ వేలితో చిగుళ్ళకు రుద్దుతూ ఆసుపత్రికి బయలుదేరాలి. గొంతులో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉదయం తిండి ముట్టుకోకపోతే మామూలు మోతాదు వేయకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. వీలైతే మొదటి నాలుగైదు రోజులు మీలో ఒకరు సెలవు పెట్టండి.

జవాబు 2 (పశువైద్యుడు, గుంటూరు జిల్లా)

సిరంజీ విషయం పై వారు సరిగ్గా చెప్పారు. తిండి గురించి నేను చెబుతాను, ఎందుకంటే మన ఇళ్ళలో పిల్లులకు జరిగే నష్టం ఎక్కువగా అక్కడే ఉంది. పిల్లి శరీరం మాంసం మీద బతకడానికి ఏర్పడింది. పెరుగన్నం, పాలన్నం ప్రేమతోనే పెడతాము, కానీ అన్నంలోని పిండిపదార్థం మధుమేహమున్న పిల్లికి నేరుగా చక్కెరే. పొడి మేతలో కూడా పిండిపదార్థం ఎక్కువే ఉంటుంది. మాంసకృత్తులు ఎక్కువగా, పిండిపదార్థం బాగా తక్కువగా ఉండే తడి మేత డబ్బాలు లేదా పౌచ్‌లు అన్నిటికన్నా మంచివి. ఉడికించిన కోడిమాంసం, చేపలు పెట్టవచ్చు గానీ, నెలల తరబడి వాటితోనే సరిపెడితే కాల్షియం, టారిన్ అనే పోషకం చాలవు. టారిన్ లోపిస్తే పిల్లి కంటిచూపూ గుండే రెండూ దెబ్బతింటాయి.

అయితే అన్నం మానిపించడం, ఇన్సులిన్ మొదలుపెట్టడం మీ డాక్టరుకు తెలియకుండా ఒకేసారి చేయకండి. తిండి మారితే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గిపోవచ్చు, పాత మోతాదే వేస్తూ పోతే చక్కెర పడిపోతుంది. లావుగా ఉన్నాడు కదా అని పస్తు పెట్టడం అసలు వద్దు, లావుపాటి పిల్లి కొద్ది రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది.

ఒక మోతాదు ప్రభావం పూర్తిగా కనబడడానికి వారం దాకా పడుతుంది. మూడోరోజు అంకె చూసి కంగారుపడి సొంతంగా పెంచవద్దు. చర్మం దురదకో అలర్జీకో ఈమధ్య స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి ఉంటే తప్పకుండా మీ డాక్టరుకు చెప్పండి, దానివల్ల కూడా మధుమేహం బయటపడుతుంది. పళ్ళ చిగుళ్ళు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా చూపించండి, అవి ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, మూలన ముడుచుకుని పడుకుంటే అది కీటోన్లు (ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పెరిగిన లక్షణం కావచ్చు, తెల్లవారేదాకా ఆగకూడదు.

త్వరగా మొదలుపెట్టి, తిండి మార్చి, చక్కెరను అదుపులో ఉంచిన పిల్లుల్లో కొన్నిటికి కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అత్తగారికి ఈ మాట చెప్పండి. మనుషుల షుగర్ మాత్ర ముక్క మాత్రం పెట్టనివ్వవద్దు, కాకరకాయ రసం పట్టిస్తే వాడు ఉన్న తిండి కూడా మానేస్తాడు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పగానే సీసా తీసి చూశాను. సీసా మీద 100 అని ఉంది, సిరంజీల మీద 40 అని ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు షాపు మూసేలోపల వెళ్ళి మార్చుకుని వచ్చాము. డాక్టరుగారు ఫోనులో చూసి, మొదటి రోజులు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా శనివారం ఉదయం మొదలుపెట్టమన్నారు. చర్మం దురదకు మార్చిలో స్టెరాయిడ్ చేయించిన మాట నిజమే, ఆ సంగతి నేను ఆయనకు చెప్పనే లేదు, ఇప్పుడు చెప్పాను. మీ ఇద్దరికీ నేను ఎంత రుణపడి ఉన్నానో మాటల్లో చెప్పలేను. ఇంకొక్క సందేహం. నాన్నగారి గ్లూకోమీటరుతో కిట్టుకు ఇంట్లో పరీక్ష చేయవచ్చా? మాత్రలతో తగ్గే మార్గం అసలే లేదా?

జవాబు 3 (న్యూజెర్సీ నుంచి)

పిల్లుల కోసమే చేసిన మాత్ర ఇక్కడ ఉంది. బెక్సాగ్లిఫ్లోజిన్‌కు 2022 డిసెంబరులోనూ, నోట్లో వేసే ద్రవంగా వచ్చే వెలాగ్లిఫ్లోజిన్‌కు 2023 ఆగస్టులోనూ అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవి అదనపు చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. కానీ అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లులకు వీటిని ఇవ్వకూడదు, చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగే ప్రమాదం కూడా ఉంది. మీ డాక్టరుగారు ఇన్సులిన్ ఎంచుకున్నారు కాబట్టి దాన్నే నమ్ముకోండి.

మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలో చక్కెరను సాధారణంగా ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. పెరుగుతోందా తగ్గుతోందా తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, కాకపోతే ప్రతిసారీ అదే మీటరు వాడి, ఆ సంగతి మీ డాక్టరుగారికి చెప్పండి. చెవి అంచున సన్నటి రక్తనాళం కనిపిస్తుంది. గోరువెచ్చని గుడ్డను అరనిమిషం చెవికి ఆనించి, అంచు మీద పల్చగా వాజెలిన్ రాసి గుచ్చితే, రక్తం బొచ్చులోకి పాకిపోకుండా పూసలా నిలబడుతుంది. వెనక వైపు దూది అడ్డం పెట్టుకోండి, మీ వేలికి గుచ్చుకోకుండా ఉంటుంది. పరీక్ష అయిన వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి పెట్టండి. మా పిల్లి పది రోజులకే మీటరు డబ్బా చప్పుడు వినబడితే తనంతట తానే వచ్చి కూర్చునేది.