పక్కపక్క ఊళ్లకు ఒకే భూవినియోగ ప్రణాళిక ఉండాలా?

చర్చ మొదలుపెట్టినవారు:
ఉండాలనే నా వాదన. వాగుకు ఎగువన ఒక ఊరు లేఅవుట్లకు అనుమతులిస్తే వరద దిగువ ఊరి ఇళ్లలోకి వస్తుంది. ఒక మాస్టర్ ప్లాన్‌లో పరిశ్రమల జోన్, హద్దురాయి దాటగానే పక్క ఊరి ప్లాన్‌లో నివాస జోన్! వెడల్పాటి రోడ్డు పొలిమేర దగ్గరికి వచ్చేసరికి సందులా కుంచించుకుపోతుంది. విడివిడిగా చూస్తే ఎవరి ప్లానూ తప్పు కాదు, అసలు చిక్కు అక్కడే ఉంది.

మొదటి జవాబు:
నేను ఒప్పుకోను. ఉమ్మడి ప్రణాళిక వేసే కమిటీలో జనాభాను బట్టి ఓట్లుంటే పెద్ద నగరం మాటే చెల్లుతుంది. చెత్త యార్డు, మురుగుశుద్ధి కేంద్రం చిన్న ఊరికి వస్తాయి, ఆఫీసులూ మాల్సూ నగరానికి పోతాయి. ఫ్రాన్స్‌లో 2014 నాటి అలూర్ చట్టం ప్రణాళికాధికారాన్ని కమ్యూన్ల (అక్కడి ఊరి స్థాయి స్థానిక సంస్థల) నుంచి వాటి సమాఖ్యలకు బదిలీ చేయబోయినప్పుడు కూడా, కనీసం 20 శాతం జనాభా ఉన్న పావువంతు కమ్యూన్లు వద్దంటే ఆగిపోయే వీలు కల్పించాల్సి వచ్చింది. ఈ భయం ఊహించుకున్నది కాదు.

చర్చ మొదలుపెట్టినవారు:
మీ భయం న్యాయమైనదే. కానీ దాని మూలం ఓట్లలో కన్నా పన్నుల్లో ఉంది. మాల్ ఎవరి హద్దులో ఉంటే ఆస్తిపన్ను వారిదే అయినప్పుడు, పొలాలను పొలాలుగా కాపాడిన ఊరికి దక్కేదేమిటి? దాని ఖజానా ఖాళీగానే ఉంటుంది. అలాంటి ఊరు ఉమ్మడి పటం మీద సంతకం పెట్టినా రేపు దాన్ని మీరక తప్పదు.

అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలోని 7 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఈ ముడి విప్పాయి. 1971 చట్టం ప్రకారం, ఆ తర్వాత ప్రతి స్థానిక సంస్థ పరిధిలో పెరిగిన వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను విలువలో 40 శాతం ఉమ్మడి ఖాతాకు వెళ్తుంది. తలసరి ఆస్తి విలువ తక్కువున్న ఊళ్లకు అందులో పెద్ద వాటా. పోటీ పూర్తిగా పోదు గానీ, ఫ్యాక్టరీ పక్క ఊరికి వెళ్లినా మనకూ కొంత అందుతుంది.

ఇక ఓట్ల సంగతి. అమెరికాలోనే పోర్ట్‌లాండ్ ప్రాంతంలో నగర విస్తరణకు గీత గీసే ‘మెట్రో’ అనే ప్రాంతీయ పాలనా సంస్థ మండలిని ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. పాలకవర్గాలు తమ మనుషులను పంపే కమిటీ కన్నా అది నాకు ఎంతో మేలనిపిస్తుంది.

రెండో జవాబు:
ఇద్దరూ వదిలేసిన మాట ఒకటుంది, భూవినియోగ మార్పిడి. ఏ ఊరి పాలకవర్గమైనా ఒక్క తీర్మానంతో చెరువు శిఖం (నీరు నిలిచే నేల) పక్క భూమిని నివాస జోన్‌గా మార్చుకోగలిగితే ఉమ్మడి ప్లాన్ ఉన్నా లేనట్టే. పొలిమేరకు దగ్గరగా జరిగే ప్రతి మార్పిడికీ పక్క ఊరికి ముందుగా నోటీసు ఇవ్వాలి, దాని అభ్యంతరాన్ని విని తీరాలి. ఒప్పందంలో ఈ షరతు లేకపోతే నా ఓటు వద్దనే.