రోజూ నడిపే కారుకు పెర్ఫార్మెన్స్ టైర్లు: అవసరమా, ఆర్భాటమా?

నాలుగో గేర్:
నా సెడాన్ టైర్లు అరుగుదల గుర్తు దాకా వచ్చేశాయి, నాలుగూ మార్చాలి. ఇప్పుడున్నవి 205/55 ఆర్16, అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, టైరు పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు. నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అదే సైజులో మిషెలిన్ ప్రైమసీ లాంటి టూరింగ్ టైర్లు, అంటే రోజువారీ సాఫీ ప్రయాణానికి చేసినవి. రెండోది, 17 అంగుళాల అలాయ్ చక్రాలు వేయించి 225/45లో పైలట్ స్పోర్ట్ 5 లాంటి పెర్ఫార్మెన్స్ టైర్లు, అంటే గ్రిప్‌కే పెద్దపీట వేసేవి. రోజూ ఆఫీసు, అప్పుడప్పుడు హైవే, ఎప్పుడైనా కొండ దారి. ట్రాక్ వైపు వెళ్లేది లేదు, ఇంజన్ పవర్ పెంచిందీ లేదు. ఒక మిత్రుడేమో టైర్లకు పెట్టిన ప్రతి పైసా బ్రేకులకు పెట్టినట్టే అంటాడు. ఇంకొకడు "ఆఫీసుకెళ్లే కారుకి అదంతా ఆర్భాటం" అని కొట్టిపారేశాడు. మీరేమంటారు?

తారురోడ్డు:
మొదటి మిత్రుడి మాట వినండి. పెర్ఫార్మెన్స్ టైరంటే మలుపుల్లో విన్యాసాలు చేయడానికే అన్న భ్రమ చాలామందికి ఉంది. ఎదురుగా హఠాత్తుగా ఏదో అడ్డం వస్తే బ్రేక్ మీద నిలబడిపోతాం చూడండి, ఆ రెండు మూడు సెకన్ల కోసం అది. బ్రేకులు ఆపేది చక్రాన్ని, కారును ఆపేది టైరు. బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది కదా అంటారు. ఉన్న గ్రిప్‌ను ఏబీఎస్ చక్కగా వాడుకుంటుందేగానీ లేని గ్రిప్‌ను పుట్టించలేదు.

పాతబండి:
తారురోడ్డు గారూ, మీరు చెప్పింది మంచి టైరు గురించి, పెర్ఫార్మెన్స్ టైరు గురించి కాదు. రెండిటినీ కలిపేస్తున్నారు. యూరప్‌లో టైర్లకు గ్రేడులిచ్చే లేబుల్ చూడండి, తడి గ్రిప్‌లో 'ఎ' గ్రేడు తెచ్చుకున్న టూరింగ్ టైర్లు బోలెడున్నాయి. పెర్ఫార్మెన్స్ టైరు మీదా అదే 'ఎ' ఉంటుంది. మరి ఎక్స్‌ట్రా డబ్బు దేనికి? రబ్బరు త్వరగా అరుగుతుంది. పొట్టి సైడ్‌వాల్ గుంతలో పడితే రిమ్ వంగుతుంది, లేదంటే టైరు పక్కన బుడిపె లేస్తుంది. రోడ్డు మోత లోపలికి వస్తుంది, పెట్రోలూ కాస్త ఎక్కువ తాగుతుంది. ఇక స్పీడ్ రేటింగ్ (టైరు తట్టుకునే గరిష్ఠ వేగాన్ని చెప్పే అక్షరం) చూపించి మురిసిపోయేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. 'వి' అంటే గంటకు 240 కిలోమీటర్లు, 'డబ్ల్యూ' అంటే 270, 'వై' అంటే 300. ఆఫీసు పార్కింగ్‌లో ఎంత స్పీడులో తిరుగుతారండీ?

తారురోడ్డు:
స్పీడ్ రేటింగ్ మాట నేనెత్తలేదు, మీరే ఎత్తి మీరే నవ్వుకుంటున్నారు.

లేబుల్ సంగతికొస్తే, 60 మార్కులొచ్చినా 95 వచ్చినా ఫస్ట్ క్లాసే అన్నట్టుంటుంది ఆ 'ఎ'. గీతను అతి కష్టమ్మీద దాటిన టైరుకూ, చాలా దూరం దాటేసిన టైరుకూ ఒకే అక్షరం. పైగా ఆ పరీక్ష తడి రోడ్డు మీద తిన్నగా, 80 నుంచి 20 కిలోమీటర్లకు తగ్గే బ్రేకింగ్. మలుపు మధ్యలో బ్రేక్ వేస్తే ఏమవుతుంది, ఒక్కసారిగా పక్క లేన్‌లోకి తిప్పితే టైరు ఎంత త్వరగా స్పందిస్తుంది, ఇవేవీ ఆ లేబుల్‌లో కనిపించవు. గట్టి సైడ్‌వాల్ విలువ తెలిసేది సరిగ్గా అక్కడే.

లెక్కల మాస్టారు:
ఇద్దరూ మాటలతో కొట్టుకుంటున్నారు కాబట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 27.8 మీటర్లు. తడి రోడ్డు మీద ఒక టైరు ఘర్షణ గుణకం (రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.8, ఇంకో టైరుది 0.7 అనుకోండి (ఉదాహరణకు తీసుకున్న అంకెలివి, ఫలానా కంపెనీ టైరువి కావు). బ్రేక్ పడిన క్షణం నుంచి మొదటి కారు దాదాపు 49 మీటర్లలో ఆగుతుంది, రెండోది 56 మీటర్లలో. ఏడు మీటర్లేగా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిన చోటికి చేరేసరికి రెండో కారు ఇంకా గంటకు 35 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఎదురుగా మనిషి ఉంటే ఆ 35 ఏం చేస్తుందో ఊహించుకోండి. గ్రిప్‌ను ఆర్భాటం అనడం నాకు ఒప్పుదల కాదు.

అయితే నాలుగో గేర్ గారి ప్రశ్నలో రెండు ప్రశ్నలు అతుక్కుపోయాయి. మంచి రబ్బరు కావాలా అనేది ఒకటి. పెద్ద రిమ్, వెడల్పు టైరు కావాలా అనేది వేరొకటి. మొదటిదానికి అవునంటాను. రెండోదానికి ఆ లెక్క పనికిరాదు.

వెడల్పు పెరిగితే రోడ్డును తాకే రబ్బరు కూడా అంతే పెరుగుతుందని అందరూ అనుకుంటారు. ఆ వైశాల్యాన్ని ముఖ్యంగా నిర్ణయించేవి టైరు మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి. ఆ రెండూ మారకపోతే వైశాల్యం సుమారుగా అంతే ఉంటుంది, ఆకారమే మారుతుంది. నిలువుగా కురచవుతుంది, అడ్డంగా సాగుతుంది. పొడి రోడ్డు మీద మలుపుల్లో అది మేలే. నిలిచిన నీళ్లలో మాత్రం వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకు తోయాలి, అందుకే రోడ్డును వదిలి నీటి మీద తేలిపోయే ప్రమాదం పెరుగుతుంది.

చక్రం ఎత్తు మారి స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. 205/55 ఆర్16 మొత్తం ఎత్తు 632 మిల్లీమీటర్లు, 225/45 ఆర్17ది 634. కానీ సైడ్‌వాల్ ఎత్తు 113 నుంచి 101కి పడిపోతుంది. గుంతకూ రిమ్‌కూ మధ్య అడ్డుగా ఉండేది అదే, అందులో 12 మిల్లీమీటర్లు పోతాయి.

పాతబండి:
మాస్టారి లెక్కకు నమస్కారం. అయితే అందులో కొత్త టైరును కొత్త టైరుతోనే పోల్చారు. రోడ్డు మీద తిరిగే కార్లలో ఎన్నిటికి కొత్త టైర్లుంటాయి? కొత్త టైరు గాడి లోతు సాధారణంగా 8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసం 1.6. ఖరీదైన టైరు కొన్నవాడు ఆ 1.6 దాకా పిండుకుందామనే చూస్తాడు, ఎందుకంటే డబ్బు ఎక్కువ పెట్టాడు. నీళ్లలో పనికొచ్చేది గాడే. సగం గాడి మిగిలిన మామూలు టూరింగ్ టైరు ముందు, అరిగి బోడిగా మిగిలిన పెర్ఫార్మెన్స్ టైరు వర్షంలో ఏ మూలకు? త్వరగా అరిగే టైరు ఎవరికి మంచిదంటే, వేళకు మార్చేవాడికి మాత్రమే. నా వాదన అంతా ఇదే.

తారురోడ్డు:
ఇది టైరు తప్పెలా అవుతుంది? 3 మిల్లీమీటర్ల దగ్గర మార్చేస్తే సరిపోతుంది. ఇక పెట్రోలు మాట. రబ్బరు రోడ్డు గరుకులో వంగి లేస్తూ శక్తిని పోగొట్టుకుంటుంది, గ్రిప్ చాలావరకు అందులోంచే వస్తుంది. టైరు దొర్లేటప్పుడు కలిగే నష్టానిదీ అదే మూలం. అందుకే పాత రోజుల్లో గ్రిప్ కావాలంటే మైలేజ్ వదులుకోవాల్సి వచ్చేది. 1990ల మొదట్లో మిషెలిన్ సిలికా కలిపిన రబ్బరుతో టైర్లు తెచ్చాక ఆ ముడి చాలావరకు వదులైంది. పూర్తిగా విడిపోలేదు, అది ఒప్పుకుంటాను.

మంచుదారి:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మీరంతా వేసవి రబ్బరు గురించే మాట్లాడుతున్నారు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే దిగితే ఆ రబ్బరు గట్టిపడటం మొదలవుతుంది, మంచు మీద అయితే దాన్ని అసలు నమ్మకూడదు. చలి గట్టిగా ఉండే చోట కారు నడిపేవాళ్లకు ఈ చర్చే వేరు. మూడు శిఖరాల మధ్య మంచు రవ్వ బొమ్మ ఉన్న టైరు తీసుకోవాలి.

పాతబండి:
3 మిల్లీమీటర్ల దగ్గర మార్చే మనిషిని చూపించండి, నా మాట వెనక్కి తీసుకుంటా.

బండి డాక్టర్:
టైర్లు బిగించడమే నా పని, కాబట్టి రెండు ముక్కలు. అమెరికా గ్రేడింగ్ ప్రకారం టైరు పక్కన ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది, 200, 340, 500 ఇలా. 100 అనేది పోలికకు పెట్టుకున్న టైరు, దానికంటే ఎంత నిదానంగా అరుగుతుందో మిగతా అంకెలు చెబుతాయి. ఆ అంకె వేసుకునేది కంపెనీయే. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య పోలికకు బాగానే ఉంటుంది, ఈ కంపెనీ 300ను ఆ కంపెనీ 400తో పోల్చి తీర్పు చెప్పకండి. 200 దగ్గర ఉండేవి దాదాపు ట్రాక్ కోసం చేసినవి. వేడెక్కితేగానీ వాటి అసలు పట్టు బయటపడదు, గాళ్లు కూడా తక్కువ. ఆఫీసు కారుకు అవి వద్దని పాతబండి గారు అంటే చేతులెత్తి సమర్థిస్తా.

రెండోది గాలి. ఒత్తిడి తగ్గేకొద్దీ నీటి మీద తేలిపోయే వేగం కూడా కిందికి దిగుతుంది. 1960ల్లో నాసా వాళ్లు విమానాల టైర్ల మీద పరిశోధించి ఒక సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర టైరు గంటకు సుమారు 94 కిలోమీటర్ల వేగంలో తేలుతుంది, 25కి దిగితే 83 దగ్గరే. ఆ సూత్రంలో వెడల్పుకూ గాడికీ చోటు లేదు, కాబట్టి కారుకు దాన్ని అచ్చంగా నమ్మక్కర్లేదు, దిశ మాత్రం అదే. ఇంత వాదించుకునేవాళ్లలో ఎంతమంది నెలకోసారి గాలి చూస్తారో నాకు తెలుసు.

నాలుగో గేర్:
అందరికీ థ్యాంక్స్. 17 అంగుళాల ఆలోచన మానేశా, మాస్టారు చెప్పిన ఆ 12 మిల్లీమీటర్లు నాకు కావాలి. 16లోనే తడి బ్రేకింగ్ బాగున్న టైరు చూస్తా. 16లో అచ్చమైన పెర్ఫార్మెన్స్ రకాలు తక్కువగా కనిపిస్తున్నాయి, అందుకే కాంటినెంటల్ ప్రీమియంకాంటాక్ట్ లాంటివి కూడా చూస్తున్నా. ఇంకో డౌట్. బడ్జెట్ సరిపోకపోతే ఇప్పుడు రెండే మార్చొచ్చా? ముందు చక్రాలతో నడిచే కారు కదా, కొత్తవి ముందు వేయించమంటున్నారు.

తారురోడ్డు:
ముందే వేయించండి. స్టీరింగ్, ఇంజన్ లాగుడు, బ్రేకింగ్‌లో ఎక్కువ భారం, అన్నీ ముందు చక్రాల మీదే.

బండి డాక్టర్:
వద్దు, ఈ ఒక్క విషయంలో తారురోడ్డు గారి మాట వినకండి. నాలుగూ మార్చడమే మంచిది. కుదరకపోతే కొత్తవి వెనక్కే. తడి రోడ్డు మీద ముందు చక్రాలు పట్టు తప్పితే కారు తిన్నగా జారుతుంది, మీకు తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలాసార్లు దారికొస్తుంది. వెనక పట్టు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని పట్టుకోవడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. పాతవి ముందు ఉంచినా అవి అరుగుదల గుర్తు దాకా రాకూడదు. మీవి వచ్చేశాయన్నారు, కాబట్టి రెండే మార్చే ప్రశ్నే లేదు, నాలుగూ కొనండి.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద 'డాట్' (DOT) అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. లోడ్ ఇండెక్స్ మీ కారు మాన్యువల్లో ఉన్నదానికి తగ్గకూడదు, 91 అంటే ఒక్కో టైరు మోసేది 615 కిలోలు.

తారురోడ్డు:
వెనక్కి వేయమనే సలహాను ఎన్నిచోట్ల విన్నా నాకు మింగుడు పడదు. ముందు టైరు తేలిపోతే స్టీరింగే పనిచేయదు కదా? దీనికి వేరే చర్చ పెడతా, డాక్టర్ గారు అక్కడికి రావాలి.