అన్నయ్యతో మాటల్లేవు, ప్రభు భోజన సంస్కారం తీసుకోవచ్చా?

తెనాలి_తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. నాన్న పోయాక పొలం పంపకాల్లో గట్టు దగ్గర తేడా వచ్చి అన్నయ్యకీ నాకూ మాటలు ఆగిపోయాయి. చర్చిలో సంస్కారానికి (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి) ముందు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని సమాధానం, అంటే శాంతి, ఇచ్చుకుంటాం కదా, నా వంతు వచ్చేసరికి ఆయన పాటల పుస్తకం తిరగేస్తుంటాడు. ఇంట్లోవాళ్లేమో ఇప్పుడు గొడవల్లేవుగా, ప్రశాంతంగా ఉన్నాం, కదపకు అంటున్నారు. ఇలాగే సంస్కారానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడం సబబేనా?

కృప_నెల్లూరు:
మత్తయి 5:23, 24 చూడండి. తప్పెవరిదని అక్కడ అడగలేదు, నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం దగ్గరే పెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. ఆయన ఈ మాట చెప్పింది గలిలయలో, బలిపీఠం ఉన్నది యెరూషలేములో, అంటే కొన్ని రోజుల నడక. మీ అన్నయ్య ఇల్లు అంత దూరమైతే కాదుగా!

పొలంగట్టు:
ఊరికే వెళ్లి చేతులు కలిపితే సరిపోదండీ. గట్టు తేలకపోతే మళ్లీ దుక్కి రోజుల్లో మొదటికొస్తుంది. ఆదికాండము 13లో అబ్రాహాము కూడా కలహం వద్దని చెప్పి ఊరుకోలేదు, ఎవరి మేత ఎటో తేల్చాడు, పైగా పెద్దవాడై ఉండి సహోదరుని కొడుకు లోతునే ముందు కోరుకోమన్నాడు. (ఈ వాక్యం మీ అన్నయ్యకి వినిపించడానికి మాత్రం తీసుకెళ్లకండి.) ఇద్దరూ ఒప్పుకుని సర్వేయర్‌తో కొలిపించుకోండి.

మార్త_హైదరాబాద్:
ఒక మాట. మా దగ్గర "సమాధానపడమ్మా" అనే సలహా ఎప్పుడూ దెబ్బలు తిన్న ఆడవాళ్లకే చెప్తారు, కొట్టినవాడిని అడిగేవాళ్లుండరు. రోమా 12:18లో "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని ఉంది. నేను ఒకరిని క్షమించాను, వాళ్ల గురించి ప్రార్థన చేస్తాను, కానీ ఆ గడప తొక్కను, అందులో నాకే తప్పూ కనపడదు. మీది అలాంటి కేసు కాదులెండి, వెళ్లిరండి.

తెనాలి_తమ్ముడు:
అయ్యగారిని (పాస్టర్‌ని) వెంటబెట్టుకుని వెళ్లనా? ఒక్కడినే అంటే టెన్షన్‌గా ఉంది.

పొలంగట్టు:
ముందు ఒక్కరే వెళ్లండి, మత్తయి 18:15 కూడా అదే చెప్తుంది. అయ్యగారు వస్తే పంచాయితీ పెట్టారనుకుంటాడు. కొలతల మాట మొదటి రోజే ఎత్తకండి.