చిక్కటి ఇంజన్ ఆయిల్ పోస్తే ఇంజన్‌కు నిజంగా మేలా?

ప్రశ్న:
నా 125 సీసీ బండికి 10డబ్ల్యూ-30 ఆయిల్ పోయాలని కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంది. మొన్న సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్ గారు, ఎండలు ముదిరాయి కాబట్టి 20డబ్ల్యూ-50 పోస్తే చప్పుడు తగ్గుతుందని చెప్పి అదే పోశారు. చప్పుడు కొంత తగ్గిన మాట నిజమే. కానీ పొద్దున్నే కిక్ కొడుతుంటే కాలికి బరువుగా తగులుతోంది, మైలేజీ కూడా కాస్త పడిపోయినట్లుంది. లోహానికీ లోహానికీ నడుమ పొర ఎంత మందంగా ఉంటే అంత రక్షణ కదా, మరి కంపెనీవారు పలుచటి ఆయిల్ ఎందుకు సూచిస్తారు? భౌతికశాస్త్రం తెలిసినవారు దయచేసి వివరించండి.

మొదటి జవాబు:
పొర మందం చిక్కదనం ఒక్కదాని మీదే ఆధారపడదండీ. తిరిగే వేగం, మీద పడే బరువు కూడా దాన్ని నిర్ణయిస్తాయి. 1883 ప్రాంతంలో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తూ, నూనె పోయడానికి బేరింగు పైభాగాన ఒక రంధ్రం పెట్టించారు. ఇరుసు కింది సగం నూనె తొట్టిలో తిరుగుతుండగా, ఆ రంధ్రంలోంచి నూనె తనంతట తానే పైకి ఉబికింది. బిరడా కొడితే అదీ నెట్టుకుని బయటికి వచ్చింది. చివరికి ప్రెజర్ మీటరు బిగిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటిపోయింది, బేరింగు మోస్తున్న సగటు భారం మాత్రం 100 పౌండ్లే. దీనికి 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గణితంతో కారణం చూపించారు: తిరిగే ఇరుసు నూనెను ఇరుకైపోతున్న సందులోకి లాక్కుపోతుంది, అక్కడ పుట్టే ఒత్తిడే ఇరుసును పైకెత్తి తేలుస్తుంది. అలా తేలడానికి చాలినంత చిక్కదనం ఉంటే చాలు. అంతకు మించినదంతా నూనె పొరల మధ్య రాపిడిగా, అంటే వేడిగా, మీ పెట్రోలు ఖర్చుగా మారుతుంది.

రెండో జవాబు:
పైవారు చెప్పినదానికి ఒక్క చేర్పు. ఇక్కడి చిన్న బైకుల్లో చాలావాటికి క్రాంక్ షాఫ్టు బాల్, రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది, టవర్ పరీక్షించినలాంటి, బంతులు లేని నున్నటి బేరింగులు ఎక్కువగా కార్లలో కనిపిస్తాయి. మీ బండిలో ఆ సూత్రం ముఖ్యంగా పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య వర్తిస్తుంది. పిస్టన్ పైకొసనా కిందికొసనా క్షణకాలం ఆగుతుంది కనుక అక్కడ పొర బాగా పలుచబడుతుంది, ఆ చోట కాపాడేది ఆయిల్‌లో కలిపే జింకు సమ్మేళనాలు.

ఇక అంకెల సంగతి. 10డబ్ల్యూలో డబ్ల్యూ అంటే వింటర్, అది చలిలో ఆయిల్ ప్రవర్తనకు గుర్తు. రెండో అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరి చిక్కదనాన్ని తెలుపుతుంది: 30కి 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల లోపు, 50కి 16.3 నుంచి 21.9 లోపు. రెండూ వేర్వేరు కొలతలు కాబట్టి, ఆయిల్ వేడెక్కితే 10 నుంచి 30కి చిక్కబడుతుందని అనుకోకూడదు. గరిటెడు ఆముదాన్ని సన్నసెగ మీద పట్టుకుంటే తీగలా సాగేది కాసేపటికి చుక్కలుగా రాలినట్లే, ఏ ఆయిలైనా వేడికి పలుచబడుతుంది. అందులో కలిపే పాలిమర్లు ఆ పలుచబడటాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి, అంతే. బైకులో అదే ఆయిల్ గేర్ల మధ్య కూడా నలుగుతుంది కాబట్టి ఆ పాలిమర్ గొలుసులు తెగిపోతూ ఉంటాయి. ఆయిల్‌ను గడువుకు మార్చమనడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలు. ఎండకాలం మాటేమిటి మరి?

రెండో జవాబు ఇచ్చినవారు:
బయట 44 డిగ్రీలున్నా 30 గ్రేడును కొలిచేది 100 డిగ్రీల వద్ద కదండీ. మీ పుస్తకంలో వాతావరణాన్ని బట్టి వేరే గ్రేడు అనుమతించి ఉంటే తప్ప 10డబ్ల్యూ-30కే తిరిగి రండి. కొనేటప్పుడు డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అనే గుర్తు తప్పకుండా చూడండి, ఎందుకంటే బైకు క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, కారు ఆయిల్ పోస్తే అవి జారే ప్రమాదం ఉంది. ఇంజన్ కాస్త వెచ్చబడ్డాక పాతది దించితే అడుగున ఉన్నది కూడా దిగుతుంది. చప్పుడు మళ్లీ వినిపిస్తే వాల్వులను నెట్టే ట్యాపెట్ల సందు కొలిపించండి.