లంఖణం పరమౌషధమా? కడుపు పాడైన కుక్కకు 24 గంటలు పస్తు పెట్టాలా, వద్దా

మెడపట్టీ

కుక్కకు వాంతులో విరేచనాలో మొదలయ్యాయనగానే వినపడే సలహా ఒకటే: "24 గంటలు ఏమీ పెట్టకండి, కడుపు ఖాళీ అయితే అదే సర్దుకుంటుంది." కొందరు నీళ్ల గిన్నె కూడా తీసేయమంటారు. ఈ సలహా ఇక మానేయాలన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణాలతో రండి.

వాంతి లేకుండా విరేచనాలు మాత్రమే ఉండి, కుక్క హుషారుగా తిరుగుతూ గిన్నె దగ్గరికి వస్తుంటే ఒక్క పూట కూడా మాడ్చక్కర్లేదు. పేగు లోపలి పొరలో కణాలు మూడు నుంచి అయిదు రోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. వాటి పోషణలో చాలా భాగం పేగులో నడిచే ఆహారం నుంచే నేరుగా అందుతుంది. పేగు ఖాళీగా ఉంటే ఆ పొర పలచబడుతుంది, లోపలి బాక్టీరియా రక్తంలోకి జారే అవకాశం పెరుగుతుంది.

పార్వో, అంటే పేగును దెబ్బతీసే ప్రాణాంతక వైరస్ జబ్బు, వచ్చిన 30 కుక్కపిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. సగం పిల్లలకు వాంతులు ఆగేదాకా తిండి ఆపారు. మిగతా సగానికి ఆస్పత్రిలో చేరిన 12 గంటలకే ముక్కులోంచి వేసిన గొట్టంతో ద్రవాహారం మొదలుపెట్టారు. ఈ రెండో గుంపు దాదాపు ఒక రోజు ముందే తేరుకుంది, బరువూ పెరిగింది. పార్వోకే పస్తు అక్కర్లేనప్పుడు, చెత్తబుట్ట కెలికి తెచ్చుకున్న విరేచనాలకు ఎందుకు?

క్లినిక్ గుమ్మం

ఆ అధ్యయనాన్ని అందరూ చూపిస్తారు, అది ఎక్కడ జరిగిందో మాత్రం మర్చిపోతారు. ఆ పిల్లలు ఆస్పత్రిలో ఉన్నాయి, సెలైన్ ఎక్కుతోంది, ఆహారం కొలిచి కొంచెం కొంచెంగా పోశారు. ఇంట్లో జరిగేది వేరు. "పస్తు వద్దట" అని విన్న యజమాని నిండు గిన్నె పెడతాడు, కుక్క ఆత్రంగా మింగుతుంది, పావుగంటలో అంతా కక్కేస్తుంది. ప్రతి వాంతితో నీళ్లే కాదు, క్లోరైడు, పొటాషియం కూడా పోతాయి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ఆ కక్కింది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఇంకా ఎక్కువ.

పైగా కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంచితే ఒక సంగతి బయటపడుతుంది. తిండి ఏమీ లేకపోయినా, గుక్కెడు నీళ్లు తాగినా వాంతి ఆగడం లేదంటే అది తిండి తేడా కాదు. సాక్సో, బొమ్మ ముక్కో, మొక్కజొన్న కండో పేగులో అడ్డుపడి ఉండొచ్చు. ప్యాంక్రియాస్ (క్లోమం) వాచి ఉండొచ్చు. తిండి పెడుతూనే పోతే, తిన్నందుకు కక్కుతోందో తినకపోయినా కక్కుతోందో ఎలా తేలుతుంది?

మెడపట్టీ

> కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంచితే

"కొన్ని గంటలు" అన్నారు, 24 అనలేదు. అంటే సగం దూరం నా వైపు వచ్చేసినట్టే కదండీ!

క్లినిక్ గుమ్మం

సగం కాదు, పావు. వాంతులున్న పెద్ద కుక్క, వేరే జబ్బు లేనిది అయితే చివరి వాంతి నుంచి 6 గంటలు తప్పనిసరి అంటాను, 12 దాకా పోయినా తప్పుపట్టను. నీళ్ల గిన్నె తీసేయడం మాత్రం తప్పే. విరేచనాలు మాత్రమే ఉన్న కుక్క విషయంలో మీతో గొడవే లేదు.

తోకచుక్క

ఇద్దరూ గంటల దగ్గరే కొట్టుకుంటున్నారు. అసలది వాంతేనా అని ముందు చూడాలి కదా.

వాంతి అయితే ముందు చొంగ కారుతుంది, పెదాలు నాకుతుంది, పొట్ట కండరాలు రెండు మూడుసార్లు గట్టిగా లోపలికి లాక్కుంటాయి, అప్పుడు బయటికొస్తుంది. అరిగీ అరగని తిండి, పసుపు పచ్చటి పసరు అందులో ఉంటాయి. అలాకాకుండా ఏ ప్రయత్నమూ లేకుండా తల వంచగానే తిన్నది తిన్నట్టు, ఒక్కోసారి గొట్టం ఆకారంలో జారిపడితే, దోషం అన్నవాహికది. దానికి పస్తు మందే కాదు. వెడల్పైన అన్నవాహికతో బాధపడే కుక్కకు గిన్నె ఎత్తులో పెట్టి, తిన్నాక పది పదిహేను నిమిషాలు నిటారుగా ఉంచాలి. డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు.

ఇంకోటి. తెల్లవారుజామున పరగడుపున పసుపు నురగ కక్కి, ఆ తర్వాత మామూలుగా తిరిగే కుక్కలుంటాయి. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపులోకి పసరు ఎగదన్నడం వల్ల వచ్చేది అది. పస్తు పెడితే దాన్ని పెంచినట్టే. పడుకోబోయే ముందు రోజు తిండిలోంచే ఒక చిన్న వాటా తీసి పెడితే చాలాసార్లు అక్కడికే ఆగిపోతుంది. వారం దాటినా ఆగకపోతే చూపించాలి.

నల్లముక్కు

పస్తు ఎవరికి ఎంతసేపు అన్నది తర్వాత. ఎవరికి అసలు కూడదో ముందు రాసి ఉండాల్సింది.

మూడు నాలుగు నెలల లోపు పిల్లలు, అందులోనూ చివావా, యార్కీ లాంటి బుల్లి జాతులు: వీటి కాలేయంలో నిల్వ ఉండే చక్కెర కొద్ది గంటలకే సరిపోతుంది. తూలడం, వణుకు, మత్తుగా పడిపోవడం కనిపిస్తే చక్కెర పడిపోయినట్టు. వేలితో తేనెగానీ గ్లూకోజ్ నీళ్లుగానీ చిగుళ్లకు రుద్దాలి. స్పృహ సరిగా లేని పిల్ల నోట్లో ఏదీ పోయకూడదు. రుద్దాక ఇంట్లోనే కూర్చోకుండా ఆస్పత్రికి బయలుదేరాలి. టీకాలు పూర్తికాని పిల్ల కక్కుతూ నీరసంగా ఉంటే పస్తు గురించి చర్చే అనవసరం, అదే రోజు పార్వో పరీక్ష చేయించాలి.

ఇన్సులిన్ మీదున్న కుక్క తినకపోతే, మామూలు మోతాదు సూది వేసేముందు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. గర్భాశయం తీయించని పెద్ద ఆడకుక్క, ఎదకు వచ్చి వెళ్లిన రెండు నెలల లోపు కక్కుతూ విపరీతంగా నీళ్లు తాగుతుంటే గర్భాశయంలో చీము పట్టి ఉండొచ్చు. స్రావం బయటికి కనిపించకపోయినా సరే. అది ఆపరేషన్‌తో తీరే జబ్బు, పస్తుతో కాదు.

కక్కడానికి పదే పదే ప్రయత్నిస్తూ, నురగ తప్ప ఏమీ రాక, పొట్ట ఉబ్బి డప్పులా బిగుసుకుంటే కడుపు మెలితిరిగినట్టు అనుమానించాలి. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో ఎక్కువ. పొద్దున చూద్దాం అంటే కుక్క మిగలదు.

గిన్నె ఖాళీ

ఆస్పత్రికి వెళ్లాలా, ఇంట్లో ఆగొచ్చా అని తేల్చుకోవడానికి ఏం చూడాలి?

నల్లముక్కు

చిగుళ్లు. పై పెదవి ఎత్తి, కోరపన్ను పైన నల్లమచ్చ లేని చోట వేలితో నొక్కండి. తెల్లబడిన చోట రెండు సెకన్ల లోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. అంతకన్నా ఆలస్యమైనా, చిగురు పాలిపోయినా, వేలికి జిగటగా అతుక్కున్నా ఒంట్లో నీళ్లు తగ్గాయి లేదా రక్తప్రసరణ దెబ్బతింది. మెడ వెనక చర్మం పట్టి లాగి చూడటం అందరూ చెబుతారు కానీ ముసలి కుక్కల్లో, బక్కచిక్కిన వాటిలో అది ఎలాగూ నెమ్మదిగానే దిగుతుంది, బాగా లావైన వాటిలో నీళ్లు తగ్గినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు.

మలద్వారం దగ్గర థర్మామీటర్ పెడితే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. 104 దాటినా, 99 కన్నా దిగినా బయలుదేరండి. మలం చివర జిగురుతో ఎర్రటి చార కనిపిస్తే సాధారణంగా పెద్దపేగు వాపు, గాభరా పడక్కర్లేదు. జామ్ లాగా చిక్కటి ఎర్రటి నీళ్లు పోతున్నా, తారులా నల్లగా వస్తున్నా ఆగకూడదు. పెద్ద కుక్కకైనా ఒక రోజు దాటి వాంతులు సాగితే అంతే.

మెడపట్టీ

ఇంట్లో ఆగొచ్చు అని తేలినవాళ్లకు కొలతలు కూడా ఇచ్చేద్దాం, లేకపోతే క్లినిక్ గుమ్మం గారు చెప్పిన నిండు గిన్నె పనే జరుగుతుంది. 10 కిలోల కుక్క లెక్క ఇది.

నీళ్లు: రోజుకు కిలోకి 50 నుంచి 60 మిల్లీలీటర్లు, అంటే అరలీటరు పైచిలుకు, పోయినదానికి అదనం. వాంతి అయిన గంట తర్వాత 20 నుంచి 30 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి అరగంటకోసారి అంతే ఇవ్వాలి. గిన్నెడు ఒక్కసారే తాగితే సాగిన కడుపు మళ్లీ తిప్పికొడుతుంది.

తిండి: విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ కుక్కకు కావలసింది దాదాపు 400 కేలరీలు. మెత్తగా ఉడికిన అన్నం రెండు వంతులు, తోలు, ఎముక తీసి ఉడికించిన కోడి రొమ్ము మాంసం ఒక వంతు కలిపితే సుమారు 280 గ్రాములకు అన్ని కేలరీలు వస్తాయి. మొదటి రోజు అందులో సగం, 140 గ్రాములు, ఆరు వాటాలు. ఒక్కో వాటా రెండు చెంచాలకు మించదు, చూస్తే జాలేస్తుంది, అయినా పెంచొద్దు. నిలబడితే రెండో రోజు పూర్తి కొలత. మలం గట్టిపడ్డాక రోజుకు నాలుగో వంతు చొప్పున మామూలు తిండి కలుపుతూ పోవాలి.

క్లినిక్ గుమ్మం

కొలతలు బాగున్నాయి. రెండు చేర్పులు. కోడి పడని కుక్క ఉంటే దానికి పడే వేరే కొవ్వు లేని మాంసం వాడాలి. ఉడికించేటప్పుడు ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి ఏవీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఈ తిండిలో కాల్షియం దాదాపు లేదు, కాబట్టి నాలుగైదు రోజులే. "దీంతో మలం బాగుంది" అని నెలలు సాగదీసేవాళ్లకు ఈ మాట.

ప్యాంక్రియాస్ వాపు పేరు చెప్పి రోజుల తరబడి మాడ్చే పద్ధతి కూడా పోయింది. వాంతి అదుపులోకి రాగానే కొవ్వు తక్కువ తిండి మొదలుపెట్టమనే ఇప్పుడు చెబుతున్నారు. మెడపట్టీ గారికి ఇది ఉచితంగా ఇచ్చిన పాయింటు.

తోకచుక్క

మందుల మాట ఎవరూ ఎత్తలేదు. మనుషుల విరేచనాల మాత్ర లోపరమైడ్ వేయకండి. కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఒక జన్యులోపం వల్ల అది మెదడులోకి చేరి మత్తు, తూలుడు తెస్తుంది. వాంతి ఆపే మాత్ర సొంతంగా వేస్తే పేగులో అడ్డుపడింది దాగిపోతుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ అలవాటుగా వాడేవాళ్లకు: జ్వరం, నీరసం లేని మామూలు విరేచనాలు చాలావరకు వాటంతటవే కొద్ది రోజుల్లో తగ్గుతాయి, ఆ మందు పేగులోని మంచి బాక్టీరియాను వారాల తరబడి చెదరగొడుతుంది. చక్కెర లేని ఎలక్ట్రోలైట్ పొడులు కొనేముందు చీటీ చదవండి, చక్కెరకు బదులు తీపికి వాడే జైలిటాల్ ఉంటే అది కుక్కకు విషం.

గిన్నె ఖాళీ

అన్నీ తగ్గాక రెండు రోజులు మలమే రాకపోతే? విరేచనం అయ్యే మందు వేయాలా?

క్లినిక్ గుమ్మం

వద్దు. పేగు మొత్తం ఖాళీ అయింది, అన్నంలో పీచు తక్కువ, కాబట్టి బయటికి రావడానికి ఏమీ లేదు. తింటూ, హుషారుగా ఉంటే మామూలు తిండి సగం దాకా వచ్చేసరికి అదే వస్తుంది. వంగి ముక్కుతూ ఏమీ రాకపోయినా, మళ్లీ వాంతి మొదలైనా మాత్రం అది వేరే లెక్క, ఎక్స్‌రే తీయించండి.

మెడపట్టీ

ఇంకా తేలనిది ఆ 6 గంటలా 12 గంటలా అన్నదే. ఆకలిగా ఉన్న కుక్కకు ఆరు చాలని నా పట్టు.

క్లినిక్ గుమ్మం

లాబ్రడార్‌కి ఆకలి ఎప్పుడు లేదండీ? దాని ఆకలిని గడియారం చేసుకోకండి, చివరి వాంతి నుంచే లెక్కపెట్టండి.