కిండిల్ వదిలి కోబోకి మారితే నిజంగా మేలు చేసినట్టేనా?

ఈబుక్స్ చదువుకోవడానికి అమెజాన్ అమ్మే పరికరం కిండిల్. 2009లో ఆ కంపెనీ కొందరు పాఠకుల కిండిల్స్‌లోంచి, వాళ్లు డబ్బిచ్చి కొన్న పుస్తకాలనే చెప్పాపెట్టకుండా తీసేసింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపుకుని యూఎస్‌బీ కేబుల్‌తో కిండిల్‌లోకి ఎక్కించుకునే వీలు కూడా ఎత్తేసింది. ఇంక అక్కడ కొనాలంటే నాకు మనసొప్పడం లేదు.

నేను అడిగినవాళ్లంతా, అలాంటిదే మరో ఈబుక్ రీడరైన కోబోయే నైతికంగా మంచిదంటున్నారు. దాని యజమాని రకుటెన్ కూడా జపాన్‌లో పెద్ద ఆన్‌లైన్ వ్యాపారమే కదా! అక్కడా చాలా పుస్తకాలకు డీఆర్ఎం తాళం (కాపీ చేయకుండా, వేరే పరికరాల్లో తెరవకుండా అడ్డుకునేది) ఉంటుంది. అమెజాన్ కానంత మాత్రాన మంచిదైపోతుందా? 2010లో యాపిల్ కూడా ఈబుక్స్ అమ్మకాల్లో అమెజాన్‌కి పోటీగానే దిగింది. తీరా చూస్తే, ఈబుక్ ధరలు పెంచడానికి ప్రచురణకర్తలతో కుమ్మక్కైందని 2013లో అమెరికా ఫెడరల్ కోర్టు తేల్చింది.

తేడాలు లేవని అనను. కోబోలో ఈపబ్ (చాలాచోట్ల వాడే ఈబుక్ ఫైల్ రకం) నేరుగా తెరుచుకుంటుంది. 2024లో వచ్చిన క్లారా, లిబ్రా కలర్ మోడళ్లను విప్పి రిపేర్ చేసుకునేలా తయారుచేశారు, ఇది నాకు బాగా నచ్చింది. కానీ ఇది వస్తువు గొప్పదనమా, కంపెనీ నీతా?

రెండుచోట్లా పుస్తకాలు అమ్మిన రచయితలు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: మీ చేతికి ఎక్కడ ఎక్కువ వస్తోంది? తాళం వద్దంటే ఎవరు మాట వింటున్నారు? అసలు కంపెనీ నుంచి కాకుండా మీ దగ్గరే నేరుగా కొంటే మీకు నయమా?